తిన్నగా మాత్రమే పోయే కారు

ఇరవై నాలుగేళ్లు నిండేనాటికి ఈ ప్రపంచంలో నాకు చేతకాని పని ఒక్కటేనని గట్టిగా నమ్మేదాన్ని: కారుని కుడివైపు తిప్పడం. మిగతావన్నీ వచ్చేసినట్టే అనుకునే వయసు అది. చేతిలో ఉద్యోగం, నెత్తిన కాస్త పొగరు, ఎంత వాడినా తరగని ఓపిక. ఇప్పుడు తలుచుకుంటే ఆ పిల్ల ఎవరో నాకు దూరపు చుట్టంలా అనిపిస్తుంది, ఎదురుపడితే పలకరించడానికి కాస్త జంకుతానేమో కూడా. అప్పట్లో నేను సింగపూర్‌లో, యూ టీ అనే పేటలో మా పిన్ని వాళ్ల ఫ్లాట్‌లో ఉండేదాన్ని. పగలంతా ఆఫీసులో కూర్చుని ఎవరో రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టేదాన్ని. (తప్పులు పట్టినందుకు జీతం కూడా ఇస్తారా అని మా పిన్ని తెగ ఆశ్చర్యపోయేది. ఆవిడ పెళ్లైన దగ్గర్నుంచీ బాబాయికి ఆ సేవ ఉచితంగానే చేస్తోంది.) సాయంత్రాలు డ్రైవింగ్ స్కూలుకి వెళ్లి, నాలో ఉన్న తప్పులు ఇంకొకరు పట్టుకుంటుంటే తల వంచుకుని వినేదాన్ని.

సింగపూర్‌లో డ్రైవింగ్ పరీక్ష తప్పడానికి చాలా మార్గాలున్నాయి. నేను ప్రతిసారీ ఒకటే ఎంచుకున్నాను. అక్కడ కూడలిలో కుడివైపు తిరగాలంటే ఎదురుగా వచ్చే బళ్ల మధ్య సందు చూసుకుని దూరాలి. నాకు ఏ సందూ చాలేది కాదు. ఒక బస్సూ, దాని వెనక ఇంకో బస్సూ పట్టేంత ఖాళీ వచ్చినా సరే, దూరంగా కనిపించే సైకిలాయన ఏదో తొందరపని మీద ఉన్నట్టున్నాడు పాపం అని ఆగిపోయేదాన్ని. పక్కన కూర్చున్న పరీక్షాధికారి మొదట గడియారం చూసుకునేవాడు, తర్వాత నన్ను చూసేవాడు, చివరికి కిటికీలోంచి ఆకాశం చూసేవాడు. ఫలితం కాగితం మీద ప్రతిసారీ ఒకటే మాట: అనవసర సంకోచం. ఆఖరికి ఒకనాడు కుండపోతగా వాన పడి రోడ్లన్నీ ఖాళీ అయిపోయిన పూట పాసయ్యాను. లైసెన్సు పర్సులోకి వచ్చింది కానీ కుడి మలుపంటే భయం పోలేదు. (తర్వాత కొన్నేళ్లకి కుడి మలుపులు కూడా నేర్చుకున్నాను. అందులో వీరత్వమేమీ లేదు, పిల్లని బడికి దింపాల్సి వచ్చింది.)

అలాంటి రోజుల్లో ఒకసారి రైల్లో కూర్చుని సెకండ్‌హ్యాండ్ టేబుల్ ఫ్యాన్ కోసం ఫోన్‌లో ప్రకటనలు చూస్తుంటే ఈ ప్రకటన కనబడింది. పాతకాలపు చిన్న కారు, రెండు తలుపులది, డ్రాగ్ రేసు కోసం మార్చినది, ప్రాజెక్టుగా అమ్మబడును, రోడ్డు మీద నడపడానికి పనికిరాదు, నిజంగా కొనేవాళ్లే ఫోన్ చేయవలెను. డ్రాగ్ రేసంటే ఏమిటో నాకు తెలీదు. వెతికి చూశాను. తిన్నని దారి ఒకటి ఉంటుంది. రెండు కార్లు పక్కపక్కన నిలబడతాయి. పచ్చదీపం వెలగగానే బయల్దేరి అవతలి గీత దాటాలి. మలుపు లేదు, కూడలి లేదు, ఎదురొచ్చే బస్సు లేదు. నేను దిగాల్సిన స్టేషన్ దాటిపోయింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, నా కోసమే ఎవరో కనిపెట్టిన ఆట దొరికిందనిపించింది. ఆ చిరునామా చూస్తే మా బ్లాకు పక్క బ్లాకే.

ఇంటికొచ్చి ప్రకటన చదివి వినిపించి, "ప్రాజెక్టుగా అమ్మడం అంటే ఏమిటి బాబాయ్?" అని అడిగాను. బాబాయి బ్యాంకులో రిస్కు చూసే విభాగంలో ఉద్యోగి. ఎక్కడెక్కడ ఏమేం చెడిపోవచ్చో ముందే ఊహించి దిగులుపడటం ఆయన పని, అందులో ఆయనకి మంచి పేరుండేది.

"పని చెయ్యదని మర్యాదగా చెప్పడం," అన్నాడు బాబాయి.

"అయితే నీ ఆఫీసులో నీకిచ్చిందీ అదేనన్నమాట," అంది పిన్ని వంటింట్లోంచి నాతో.

"రోడ్డెక్కని కారెందుకమ్మా?"

"రోడ్డెక్కదు కాబట్టే బాబాయ్."

ఆయనకి అర్థం కాలేదు కానీ, సింగపూర్‌లో కారు కొంటే కారు కన్నా దాన్ని నడిపే హక్కుపత్రానికే ఎక్కువ పోయాలనీ, రోడ్డెక్కని కారుకి ఆ బాధ లేదనీ గుర్తొచ్చి కాసేపు మెత్తబడ్డాడు. ఆ మెత్తదనం గట్టిపడకముందే ఆయన్ని లేవదీసి పక్క బ్లాకుకి తీసుకుపోయాను.

తలుపు తీసినావిడ ఒక చైనీస్ ఆంటీ, పొట్టి జుట్టు, చేతిలో ఉల్లికాడలు. "కారు కోసం వచ్చాం," అనగానే ఆవిడ మొహం వెలిగిపోయింది. "కారుకా? రండి రండి, చెప్పులతోనే రండి లా, పర్లేదు," అని మమ్మల్ని కొత్తల్లుళ్లని తీసుకెళ్లినట్టు లోపలికి తీసుకెళ్లింది. సోఫాలో కూర్చున్నాయన మాత్రం మేం అప్పుల వాళ్లమైనట్టు చూశాడు. ఆయన బళ్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, అందుకని మాకు మాస్టారంకుల్ అయ్యాడు. (ఆయన మాట్లాడేది సింగపూర్ ఇంగ్లీషు. నేను తెలుగులో పెడుతున్నాను, వాళ్లు మాట చివర తగిలించే ఆ 'లా'లు మాత్రం తియ్యబుద్ధి కాలేదు.) అమ్మేవాళ్లు సరుకు గొప్ప చెబుతారని విన్నాను. ఈయన తిరగేసి నాకే పరీక్ష పెట్టాడు. ఇంజను విప్పావా ఎప్పుడైనా? లేదు. గేర్ల కారు వచ్చా? వచ్చు. ఎందుకు నీకీ కారు?

"ఇది తిన్నగా పోతుందా అంకుల్?" అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "తిన్నగానే పోతుంది. తిప్పొచ్చు కూడా. కానీ తిప్పొద్దు లా."

"అయితే తీసుకుంటాను."

ఆంటీ ఆ మాట పూర్తి కాకముందే టీ తెచ్చింది. బాబాయి మాత్రం తిరిగొచ్చే దారిలో షరతు పెట్టాడు. ప్రతిసారీ తాను వెంట వస్తాడు. నేను దాన్ని ఒక్కసారి నడిపాక అమ్మేయాలి. "ఒక్కసారే" అని ఆయన వేలు చూపిస్తే, ఆ వేలు పట్టుకుని సరే అన్నాను.

కారు సింగపూర్‌లో లేదు. సముద్రం మీది కట్ట దాటి, మలేషియాలోని జోహోర్‌లో, మాస్టారంకుల్ బావమరిది పామాయిల్ తోట అంచున వేసుకున్న రేకుల షెడ్డులో ఉంది. మొదటి శనివారం క్రాంజీ స్టేషన్ దగ్గర బస్సెక్కి, రెండు దేశాల వరసల్లో నిలబడి, పాస్‌పోర్టుల మీద ముద్రలేయించుకుని, మధ్యాహ్నానికి అక్కడ తేలాం. మాస్టారంకుల్ టార్పాలిన్ తీశాడు. దాని కింద ఉన్నది చూసి బాబాయి ఒక అడుగు వెనక్కి వేశాడు. చిన్నదే కారు, మా తాతల కాలం నాటి జపాన్ బొమ్మలాంటిది. కానీ ముందు చక్రాలు సన్నగా సైకిల్‌వి లాగా, వెనక చక్రాలు లావుగా తిరగలి రాళ్ల లాగా ఉన్నాయి. బానెట్‌కి కోసిన కంతలోంచి రెండు ఇత్తడి గొట్టాలు నోళ్లు తెరుచుకుని బయటికి చూస్తున్నాయి. లోపల ఒకటే సీటు, దాని చుట్టూ ఇనప గొట్టాల పంజరం. బరువు తగ్గించడానికని తలుపులకి లోపల్నుంచి కన్నాలు పొడిచారు. అద్దాలు, వైపర్లు, హారను ఏమీ లేవు. మిగతా కారు గోడవారన బిస్కెట్ డబ్బాల్లో ఉంది. ఒక డబ్బా మీద 'తర్వాత', ఇంకోదాని మీద 'కావచ్చు', మూడోదాని మీద 'ఏమో' అని రాసి ఉంది.

బాబాయి కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. "బ్రేకులున్నాయా?" అన్నాడు.

"ఉన్నాయి. పారాచూటే లేదు," అన్నాడు మాస్టారంకుల్.

అది పరిహాసమో, ఇలాంటి కార్లు ఆగడానికి నిజంగానే పారాచూటు విప్పుతాయో తేల్చుకోలేక బాబాయి మిగతా సాయంత్రమంతా ఆ కారు వెనక భాగానికేసే చూస్తూ కూర్చున్నాడు. నేను సీట్లో కూర్చున్నాను. స్టీరింగు పట్టుకున్నాను. ఎదురుగా రేకుల గోడ, గోడ మీద ఒక బల్లి. అయినా సరే, ఇక్కణ్నుంచి ఒక తిన్నని దారి బయల్దేరుతుందని నాకు ఏ అనుమానమూ లేకుండా తెలిసిపోయింది. దీన్ని పరిగెత్తిస్తాను అనుకున్నాను. అలా అనుకోవడం తప్ప అప్పటికి నా దగ్గర వేరే పనిముట్టు లేదు.

తర్వాత నెలల తరబడి శనివారాలన్నీ కట్ట అవతలే. ఏ పనైనా ఎవరైనా చూపిస్తే చేసేదాన్ని. తుప్పు గీకాను, వైర్లు లాగాను, గోళ్లలోకి ఎక్కిన నల్లటి జిడ్డుతోనే సోమవారం ఆఫీసు మీటింగుల్లో కూర్చున్నాను. పిన్ని ప్రతి వారం పులిహోర కట్టి ఇచ్చేది. మాస్టారంకుల్ మొదటిసారి ఇంగువ వాసనకి ముక్కు చిట్లించాడు, రెండోసారి కొంచెం తిన్నాడు, ఆ తర్వాత బస్సు దిగగానే నా మొహం కన్నా ముందు నా చేతిలోని సంచీకేసి చూసేవాడు. ఒకసారి సింగపూర్‌లో బాగుచేయించిన కార్బురేటర్‌ని పిన్ని పాత నేత చీరముక్కలో చుట్టి సంచీలో పెట్టుకుని వెళ్తుంటే సరిహద్దులో ఆపారు. అధికారి చీర విప్పి చాలాసేపు చూశాడు.

"ఏమిటిది?"

"కార్బురేటర్ సర్. ఇంజనుకి గాలీ పెట్రోలూ కలిపి ఇస్తుంది."

"దేనికి?"

"తిన్నగా వెళ్లడానికి," అన్నాను. ఆయన నా వెనక నిలబడ్డ బాబాయిని చూశాడు. బాబాయి ఆకాశం కేసి చూశాడు. ఆ అధికారికి ఏమనిపించిందో, దాన్ని మళ్లీ చీరలో చుట్టి, కొంగు ముడి కూడా వేసి ఇచ్చాడు.

ఇటు యూ టీలో మాత్రం నా శనివారాల గురించి తెలుగువాళ్లంతా అడగడం మొదలుపెట్టారు. సత్యనారాయణ వ్రతానికి పిలిస్తే రాలేదు, ఉగాది పచ్చడికీ రాలేదు, పిల్ల ఎక్కడికి పోతోంది? పిన్నికి అబద్ధమాడటం ఇష్టం ఉండదు. "మా అమ్మాయికి జోహోర్‌లో ప్రాజెక్టు పడింది," అనేది గంభీరంగా.

"ఆన్‌సైటా?" అనేవారు ఆంటీలు.

"ఆన్‌సైటే," అనేది పిన్ని. షెడ్డు కన్నా ఆన్‌సైట్ ఏముంటుంది గనక. కొన్ని వారాలకి ఒకాయన తన తమ్ముడికి నా ప్రాజెక్టులో ఖాళీ ఉందేమో కనుక్కోమని కూడా అడిగించాడు. "ప్రస్తుతం ఒకటే సీటుంది," అని చెప్పించాం.

బాబాయి మొదట్లో షెడ్డు గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని పేపరు చదివేవాడు. మూడో నెలకి పేపరు మడిచి, కుర్చీ లోపలికి జరుపుకుని, ఉప్పుకాగితంతో తలుపు రుద్దడం మొదలుపెట్టాడు. ఊరికే కూర్చుంటే దిగులెక్కువవుతోంది అన్నాడు. ఆయన రుద్దిన చోట అద్దంలా తేలింది. "ఈయన మంచి స్టూడెంట్ లా," అన్నాడు మాస్టారంకుల్. ఆ మాట బాబాయి ఇంటికెళ్లాక పిన్నికి రెండుసార్లు చెప్పాడు.

అన్నీ ఉన్నాయి కానీ కారు మాత్రం అయ్యేది కాదు. క్లచ్చి బిగించాం అనగానే మాస్టారంకుల్‌కి వెనక ఇరుసు మీద అనుమానం వచ్చేది. ఇరుసు సరిచేస్తే స్టీరింగు రాడ్డు. రాడ్డు మార్చాక, ఎందుకైనా మంచిది క్లచ్చి ఇంకోసారి విప్పి చూద్దాం అనేవాడు. 'తర్వాత' డబ్బాలోవి 'కావచ్చు' డబ్బాలోకీ, అక్కణ్నుంచి 'ఏమో'లోకీ మారుతుండేవి. ఆయన ఈ కారుని ఎంతకాలంగా తయారుచేస్తున్నాడో అని ఆంటీని అడిగితే ఆవిడ వేళ్లు లెక్కపెట్టబోయి మానేసింది. "మా పెద్దమ్మాయి బళ్లో చేరినప్పుడు మొదలు. ఇప్పుడు అదే బళ్లో టీచరు," అంది. అన్నేళ్లలో ఆ కారు పోటీ గీత దగ్గరికి ఒక్కసారి కూడా వెళ్లలేదట. ప్రతి ఏడూ ఇంకొక్క చిన్న పని మిగిలిపోయేదట. ఆ మాట విన్న రోజు నాకు మాస్టారంకుల్ మీద కోపం రాలేదు. ఎందుకో నా పక్కన కూర్చున్న ఆ పరీక్షాధికారి గుర్తొచ్చాడు పాపం.

ఆ ప్రాంతంలో ఏడాదికి కొన్నిసార్లు మామూలు జనాన్ని కూడా తమ కార్లతో పరిగెత్తనిచ్చే డ్రాగ్ మైదానం ఒకటుంది. వర్షాకాలం ముందు ఆఖరి అవకాశం దగ్గర పడింది. ఆ ముందు శనివారం ఇంజను మొదటిసారి లేచింది. లేచింది అనడం తక్కువ మాట. షెడ్డు రేకులన్నీ ఒక్కసారిగా కొట్టుకున్నాయి, పక్క ఇంటి కోళ్లన్నీ తోటలోకి పారిపోయాయి, బాబాయి చేతిలో టీ ఆయన చొక్కా మీదికి వచ్చింది. ఆయన దాన్ని తుడుచుకోకుండా నవ్వుతూ నిలబడ్డాడు. ఇంజను ఆపాక ఇంకా చెవుల్లో హోరు ఉండగానే చెప్పాను.

"వచ్చే వారం తీసుకెళ్దాం అంకుల్."

"నాట్ రెడీ," అన్నాడు ఆయన వెంటనే. "గేర్‌బాక్సులో శబ్దం ఉంది. వచ్చే ఏడాది చూద్దాం లా."

"శబ్దంతోనే వెళ్దాం."

"సగం దారిలో ఆగిపోతుంది."

"ఆగితే తోసుకుంటూ వద్దాం."

"నీకు తెలీదు. ఒక్కటి సరిగా లేకపోతే అంతా పోతుంది. ఇంకొక్క ఏడాది."

"అంకుల్, కారు నాది," అన్నాను.

అంతవరకూ ఆ మాట నేను అనలేదు, ఆయనా అనుకోలేదు. ఆయన చేతిలో పానా అలాగే ఆగిపోయింది. బాబాయి గుడ్డ తీసుకుని తుడిచిన తలుపునే మళ్లీ తుడవసాగాడు. నా గొంతు నాకే కొత్తగా ఉంది, కానీ మాట వెనక్కి తీసుకోలేదు. కూడలిలో ఆగిపోయినన్నిసార్లు ఆగిపోయాను, ఇక్కడ ఆగదలుచుకోలేదు. మాస్టారంకుల్ బిస్కెట్ డబ్బాల మూతలు ఒక్కొక్కటే పెట్టేశాడు. మూడోది పెట్టి, నా వైపు తిరక్కుండానే, "ఫ్యాన్ బెల్టు మాత్రం మార్చాలి," అన్నాడు.

పోటీ రోజున కారుని చిన్న లారీ మీదికి ఎక్కించి తీసుకెళ్లాం. ఆంటీ వచ్చింది, తన భర్త అన్నేళ్ల పాటు పెళ్లాం కన్నా ఎక్కువగా చూసుకున్నదేమిటో కళ్లారా చూస్తానంది. పిన్ని కూడా వచ్చింది, నేత చీర, చేతిలో నాలుగు గిన్నెల క్యారియరు. ఇద్దరూ ఒకే గొడుగు కింద ప్లాస్టిక్ స్టూళ్ల మీద కూర్చుని, ఒకరి భాష ఒకరికి సగమే తెలిసినా, మగవాళ్ల గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. చుట్టూ మెరిసిపోయే కార్లు, ఒకే రంగు చొక్కాలేసుకున్న జట్లు, రబ్బరు కాలిన కంపు. మా జట్టులో ఒక లెక్కల మాస్టారు, ఒక బ్యాంకు ఉద్యోగి. బాబాయి నా హెల్మెట్ పట్టీ బిగించాడు, వదులు చేశాడు, మళ్లీ బిగించాడు. "ఏమన్నా తేడాగా అనిపిస్తే ఆపెయ్, మొహమాటపడకు," అన్నాడు, నేనేదో పెళ్లి భోజనానికి వెళ్తున్నట్టు.

గీత దగ్గరికి వెళ్లాను. పక్క వరసలో నీలం రంగు కారు, అందులో నా వయసు కుర్రాడు, ఇంజనుని గొంతు సవరించుకున్నట్టు రేపుతున్నాడు. ఎదురుగా స్తంభం మీద దీపాలు. ఒక్కొక్కటే కిందికి దిగుతూ వెలిగాయి. పచ్చదీపం వచ్చింది. ఆ క్షణంలో నేను చేసిన పని ఇప్పటికీ నాకు నమ్మశక్యం కాదు. స్కూల్లో నేర్పినట్టు వెనక అద్దం కోసం చూశాను. అద్దం లేదు, ఎప్పుడో బరువు తగ్గించడానికి పీకేశారు. అయితే పద్ధతి ప్రకారం కుడి భుజం మీదుగా వెనక్కి తిరిగి ఏ బండీ రావడం లేదని చూసుకున్నాను. సిగ్నల్ వెయ్యడానికి చెయ్యి కూడా చాచాను, అక్కడ మీట లేదు. తల తిప్పి చూసేసరికి నీలం కారు ఎక్కడో దూరంలో చుక్కంత అయింది. అప్పుడు క్లచ్చి వదిలాను.

వీపు సీటుకి అతుక్కుపోయింది. వెనక చక్రాలు ఒక్కసారి పక్కకి జారబోయి, తమకి మలుపులు అక్కర్లేదని గుర్తొచ్చినట్టు మళ్లీ సర్దుకున్నాయి. ఇత్తడి గొట్టాలు గాలి మింగుతూ అరుస్తున్నాయి. గేరు మార్చాను, ఇంకోటి మార్చాను. రెండు వైపులా జనం, కంచె, చెట్లు అన్నీ కలిసిపోయి రంగుల చీర ఆరేసినట్టు వెనక్కి పోయాయి. ముందు మాత్రం దారి, దారి తప్ప ఏమీ లేదు. నేను దేనికోసమూ ఆగక్కర్లేదు, ఎవరికీ దారివ్వక్కర్లేదు. అరుస్తున్నానని గీత దాటాక తెలిసింది. బ్రేకు తొక్కాను. బాబాయి అడిగిన బ్రేకులు నిజంగానే ఉన్నాయి.

ఆ రోజు పరిగెత్తిన వాళ్లందరిలో ఆఖరి స్థానం నాదే. తిరిగి వస్తుంటే మైకులో ఎవరో మలయ్‌లో ఏదో అన్నారు, జనం నవ్వి చప్పట్లు కొట్టారు. "ఏమన్నాడు అంకుల్?" అని అడిగాను. మాస్టారంకుల్ కాసేపు ఆలోచించి, "చాలా జాగ్రత్తగా నడిపే అమ్మాయి అన్నాడు," అన్నాడు. పిన్ని నా తల మీదుగా చేతులు తిప్పి మెటికలు విరిచింది. ఆంటీ ఇదేదో పద్ధతి అనుకుని తానూ విరిచింది.

నేను హెల్మెట్ తీసి మాస్టారంకుల్‌కిచ్చాను. "మీరు," అన్నాను. ఆయన రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. గేర్‌బాక్సు శబ్దం ఎక్కువైంది, మోకాలు నొప్పి, కళ్లజోడు హెల్మెట్లో పట్టదు, ఎండ. కారణాలన్నీ సిద్ధంగా ఉన్నాయి, ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. అప్పుడు ఆంటీ గొడుగు పిన్నికిచ్చి లేచి వచ్చింది.

"నా వంటగిన్నెల్లో నట్లు నానబెట్టావు," అంది. గొంతు పెంచలేదు. "నా పుట్టినరోజున టైర్లు కొన్నావు. పెళ్లిరోజున కూడా షెడ్డు చూడ్డానికి జోహోరే తీసుకొచ్చావు. ఈ కారుని నేను ఒక్కరోజు కూడా తిట్టకుండా ఉండలేదు. ఇప్పుడు ఎక్కు."

ఆయన ఎక్కాడు. బాబాయి పట్టీ బిగించాడు, వదులు చెయ్యకుండా ఒకేసారి.

పచ్చదీపం వెలిగిన క్షణంలోనే ఆయన వెళ్లిపోయాడు. పక్క కారు ఇంకా కదలకముందే. ఆ చిన్న కారు ముందు చక్రాలు నేలని సరిగా తాకుతున్నాయో లేదో తెలీనంత వేగంగా పోయింది. బాబాయి నా మోచెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నాడో తర్వాత వారం దాకా గుర్తు మిగిలింది. సగం దారి దాటాక పెద్ద చప్పుడైంది, ఇనుము ఇనుముని కొరికినట్టు. కారు కిందనుంచి పొగ, దారి మీద నూనె గీత. ఇంజను హోరు ఠక్కున ఆగిపోయింది. గేర్‌బాక్సు ఆయన చెప్పినట్టే పోయింది. కానీ కారు ఆగలేదు. వచ్చిన ఊపులోనే, చప్పుడు లేకుండా, పడవలాగా జారుకుంటూ పోతోంది. పక్క కారు దాటేసింది. నెమ్మదిగా, ఇంకా నెమ్మదిగా, మనిషి నడకంత వేగంతో వెళ్లి, ముందు చక్రాలు గీత దాటాక నిలబడింది.

మేం నలుగురం అటు వెళ్లడానికి వాళ్లు ఒప్పుకునేసరికి కొంత సమయం పట్టింది. ఆయన ఇంకా సీట్లోనే ఉన్నాడు, రెండు చేతులూ స్టీరింగు మీద, హెల్మెట్లోపల కళ్లజోడు వంకరగా. "అంకుల్, దెబ్బ తగిలిందా?" అన్నాను.

"ఫినిష్ ఆల్రెడీ," అన్నాడు.

"గేర్‌బాక్సా?"

"కాదు లా. నేను." చేత్తో వెనకనున్న గీత చూపించాడు. "నేను ఫినిష్ చేశాను."

ఆంటీ పంజరంలోంచి చెయ్యి దూర్చి ఆయన కళ్లజోడు సరిచేసింది. పిన్ని అక్కడే, ఆ నూనె వాసనలోనే, క్యారియరు విప్పింది.

బాబాయికిచ్చిన మాట ప్రకారం కారు అమ్మేశాను. ప్రకటన నేనే రాశాను: పాతకాలపు చిన్న కారు, డ్రాగ్ రేసుకి మార్చినది, గేర్‌బాక్సు విరిగినది, ప్రాజెక్టుగా అమ్మబడును. మలక్కా నుంచి ఇద్దరు అన్నదమ్ములు వచ్చి తీసుకెళ్లారు. వాళ్ల లారీ తోట మలుపు తిరిగేదాకా మేమంతా షెడ్డు ముందు నిలబడ్డాం. తర్వాత శనివారం ఏం చెయ్యాలో తోచక బాబాయి ఇంట్లో తలుపులన్నీ ఉప్పుకాగితంతో రుద్దాడు.

నేనిప్పుడు సింగపూర్‌లోనే ఇంకో మూల, హౌగాంగ్‌లో ఉంటున్నాను. అయినా అప్పుడప్పుడూ యూ టీ వెళ్లినప్పుడు బ్లాకు కింద కాఫీ హోటల్లో మాస్టారంకుల్ కనిపిస్తాడు. వయసు మీద పడింది, చేతికర్ర వచ్చింది, కానీ ఆ పరుగు మాత్రం ఏడాదికేడాది వేగం పుంజుకుంటోంది. ముందు పక్క కారుని చాలాదూరం దాకా వెనకేశాననేవాడు. తర్వాత గీత దగ్గర సమానంగా వచ్చామన్నాడు. పోయిన నెల వెళ్తే కొత్తగా ఎవరికో చెబుతున్నాడు, గెలిచాడట. గేర్‌బాక్సు గెలిచాకే పోయిందట. పక్కనే కూర్చున్న ఆంటీ అవునన్నట్టు తలూపుతూ కాఫీ తాగుతోంది. నేనూ సరిదిద్దలేదు, ఇంత పెద్దాయన్ని నలుగురిలో ఏమంటాం అనుకుంటూ నవ్వుకుని వచ్చేశాను.

ఆ మర్నాడు మా అమ్మాయి తన స్నేహితురాలితో ఫోన్‌లో మాట్లాడుతుంటే వినబడింది. "మై మదర్ లాస్ట్ టైమ్ రేసర్ తెలుసా. కారు వెనకనుంచి ఫైర్ వచ్చేదట, ట్రూ లా," అంటోంది. (ఇక్కడి పిల్లల ఇంగ్లీషులో లాస్ట్ టైమ్ అంటే ఒకప్పుడు అని.) పొగ వచ్చిన మాట నిజం. నిప్పులు ఎప్పుడు చేర్చానో నాకే గుర్తులేదు. గదిలోకి వెళ్లి అసలు సంగతి చెబుదామని తలుపు దాకా వెళ్లాను కూడా. అవతలి పిల్ల ఏమడిగిందో గానీ మా అమ్మాయి, "ఎంత పెద్ద ఫైరా? ఆగు, అడుగుతా," అని నా వైపు తిరిగింది. హెల్మెట్ పెట్టుకుని ఎదురుగా తిన్నని దారి తప్ప ఏమీ కనబడని ఆ ఇరవై నాలుగేళ్ల పిల్ల ఒక్క క్షణం నా కళ్ల ముందు నిలబడింది. నేను రెండు చేతులూ బాగా వెడల్పుగా చాచి చూపించాను.